మొగిలి ఘాట్లో పడిపోయే ముల్లు

నాకు అనుమానం ఎక్కువ. గొప్పకు చెప్పుకోవడం లేదు, మా ఇంట్లో వాళ్ళు నన్ను తిట్టే తిట్టునే ఇక్కడ రాస్తున్నాను. పాలు పొంగితే ఎవరో కావాలనే మంట పెంచారనుకుంటాను. గోడ గడియారం ఆగితే దానికి కీ ఇచ్చిన మనిషి ముఖంలోకి చూస్తాను. చిత్తూరులో బెంగుళూరు రోడ్డు పక్కన ఏళ్ళ తరబడి మెకానిక్ షెడ్డు నడిపినవాడికి ఇంకో రకం బుద్ధి రమ్మన్నా రాదు. బండి తెచ్చిన ప్రతివాడూ "దానంతట అదే చెడిపోయిందన్నా" అంటాడు. దానంతట అదే చెడిపోయిన బండిని నేనింతవరకు చూడలేదు. ఎవరో ఒకరు ఏదో ఒకటి చేసే ఉంటారు. ఆ చేసిందెవరో కనుక్కోవడమే నా దృష్టిలో అసలు పని. రిపేరు తర్వాతి సంగతి.

ఆ ఆకుపచ్చ బండి విషయంలో ఈ రెండు పనులూ ఒకదానికొకటి ముడిపడిపోయాయి.

డెబ్బైల చివరి రోజులవి. మామిడి కాపు అయిపోయి, బంగారుపాళ్యం గుజ్జు ఫ్యాక్టరీల ముందు లారీల వరుస పలచబడిన కాలం. ఒక పొద్దున మా రోడ్డంతా తలలు తిప్పి చూసేలా పెద్ద రొదతో ఒక రేసు కారు వచ్చి నా షెడ్డు ముందు ఆగింది. రెండే సీట్లు, గుడ్డ పైకప్పు, బానెట్టు లేవకుండా అడ్డంగా తోలు పట్టీ. కోలారు బంగారు గనుల్లో పనిచేసిన దొర ఎవరో వదిలేసి పోతే, అది చేతులు మారి మారి మా జిల్లాకు వచ్చింది. ఇప్పటి యజమాని ఒక గుజ్జు ఫ్యాక్టరీ వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు. తిరుపతిలో యూనివర్సిటీ చదువు ముగించి, నాయన పోయాక ఫ్యాక్టరీ చూసుకోవడానికి ఇంటికొచ్చినవాడు. నన్ను అన్నా అని పిలిచేవాడు. నాకు ఆ కుర్రకారు వేషాలు నచ్చవు కానీ, ఆ బండి మాత్రం నచ్చింది. దాచుకోవడమెందుకు, చాలా నచ్చింది.

"ఆయిల్ ప్రెషర్ పడిపోతా ఉండాదన్నా" అన్నాడు దిగుతూనే.

"ఎప్పుడు?"

"ఎప్పుడని చెప్పేది? దాని ఇష్టం. ఒక్కో రోజు బెంగుళూరు దాకా పోయి వచ్చినా ముల్లు కదలదు. ఒక్కో రోజు పలమనేరు కూడా దాటకముందే పడిపోతాది."

కారు సంగతి తెలియనివాళ్ళ కోసం ఒక మాట. ఇంజను కింద ఛాంబర్ అని ఒక తొట్టి ఉంటుంది. ఆయిలంతా అందులో ఉంటుంది. పంపు దాన్ని ఒక జాలీలోంచి పీల్చి, తిరిగే భాగాలన్నిటికీ తోస్తుంది. ఆ తోపుడు ఎంత ఉందో డ్రైవరు ముందున్న గేజిలో ముల్లు చూపిస్తుంది. ముల్లు పడిపోయిందంటే లోపల ఇనుము ఇనుముతో నేరుగా రాసుకుంటోందన్నమాట. అట్లా కాసేపు తిరిగితే ఇంజను పని అయిపోతుంది. ఎప్పుడూ పడిపోయే ఉండే ముల్లయితే నాకు భయం లేదు. ఏదో అరిగిపోయిందని అర్థం. నా ముందు నిక్కి నిలబడి, నా వెనక పడిపోయే ముల్లంటేనే ఒళ్ళు మండుతుంది. ఆ పొద్దున షెడ్డు ముందు ఎంత రేజ్ చేసినా అది బుద్ధిమంతుడిలా పైనే నిలబడింది.

అతను షెడ్డులోకి వచ్చి గొంతు తగ్గించాడు. "అన్నా, నాకొకరి మీద అనుమానం ఉండాది."

అనుమానం అనగానే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి.

అతని అనుమానం వాళ్ళ డ్రైవరు మీద. ఆ డ్రైవరు నాకూ తెలిసిన మనిషే. కుర్రవాడి నాయన, ఆ పెద్దాయన కాలం నుంచి వాళ్ళింట్లో పనిచేస్తున్నాడు. ఖాకీ చొక్కా, మెడలో నల్లదారానికి చిన్న శిలువ, మాట తక్కువ. ఆదివారం పొద్దున చర్చి అయిపోయేదాకా స్టీరింగు ముట్టడు, మిగతా రోజుల్లో పిలిస్తే పలుకుతాడు. ఈ కుర్రవాడిని పలకాబలపం పట్టిన రోజు నుంచి పెద్ద కారులో బడికి తీసుకుపోయి తీసుకొచ్చిందీ ఆయనే. ఈ రేసు కారు వచ్చాక, ఆయన చిన్నయ్య అని పిలిచే ఈ కుర్రవాడు తనే నడుపుకుంటున్నాడు. డ్రైవరుకు చిన్నయ్య తల్లిని గుడికీ ఆసుపత్రికీ తిప్పడం తప్ప పని లేదు. పైగా పెట్రోలు బంకులో నలుగురి ముందు ఒక మాట అన్నాడట: "ఈ బండి మా ఇంట్లో ఎక్కువ కాలం ఉండదులే."

"బానెట్టు ఎత్తేది మా ఇంట్లో నేనూ ఆయనే. ఆయిల్ తక్కువైతే పోసేది ఆయనే. నేను చేసుకోలేదు గదా, ఇంకెవరు చేస్తారు?" అన్నాడు. "నువ్వు ఒక్క ఆధారం చూపించన్నా. పనిలోంచి తీసేయడం కాదు, స్టేషన్లో కూర్చోబెడతాను. ఇంక ఈ జిల్లాలో ఆయన చేతికి ఎవరూ స్టీరింగు ఇయ్యకూడదు."

ఒక మనిషి కూడు నా స్పానర్ల మీద ఆధారపడి ఉందని అప్పుడే అర్థమైంది. అయినా నాకు జంకు కలగలేదు. నిజం చెప్పాలంటే, లెక్క సరిపోయినట్టే అనిపించింది.

ముందు బండి రోగం కళ్ళారా చూడాలి కదా. మర్నాడు అతని పక్కన కూర్చుని బయలుదేరాను. బంగారుపాళ్యం దాటేదాకా ముల్లు నిలబడే ఉంది. నేను దాన్నే చూస్తున్నాను, అతను రోడ్డునూ, రోడ్డు పక్కన బండిని చూసేవాళ్ళనూ చూస్తున్నాడు. మొగిలి ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాం. ఒక మలుపు దగ్గర, వేగం తగ్గించకుండానే, "మా నాయన జీపు దొర్లింది ఈడనే" అన్నాడు. ఆ రోజు పెద్దాయన డ్రైవరును దించేసి, తొందరగా పోవాలని తనే నడిపాడట. అది చెబుతున్న గొంతులో బాధ ఉంది కానీ, కాలు మాత్రం యాక్సిలరేటర్ మీద నుంచి లేవలేదు. 

ఘాట్ సగం ఎక్కామో లేదో ముల్లు వణికింది. వణికి, నెమ్మదిగా వాలిపోయింది.

"ఆపు" అన్నాను. ఇంజను ఆపేసి బండిని పక్కకు తీశాడు. ఒక బీడీ కాల్చి మళ్ళీ స్టార్టు చేయమన్నాను. ముల్లు నిటారుగా లేచి నిలబడింది, ఏమీ ఎరగనట్టు.

తిరిగి వచ్చేటప్పుడు దారంతా లెక్కలు వేసుకున్నాను. ఆపితే సరైపోతోంది. నడిపితే, అందులోనూ గట్టిగా నడిపితే, పడిపోతోంది. అరిగిన బేరింగులు ఒక బీడీ కాల్చేలోపు కొత్తవి కావు. లోపల ఏదో పట్టుకుంటోంది, ఆపితే వదిలేస్తోంది. ఇంజను మీద నా అనుమానం అక్కడికక్కడే సగానికి దిగి, మనుషుల మీద అంతకంత పెరిగింది.

అయినా క్రమం తప్పకుండా పోయాను. గేజి తీసేసి, నేను నమ్మే ఒక లారీ గేజిని గొట్టానికి తగిలించాను. అదీ ఘాట్లో అట్లాగే పడిపోయింది, కాబట్టి గేజి అబద్ధం చెప్పలేదు. ప్రెషర్ ఎక్కువైతే ఆయిల్‌ను వెనక్కి వదిలే వాల్వు ఒకటి ఉంటుంది. దాంట్లో మట్టి చేరితే తెరుచుకుని అట్లాగే ఉండిపోతుంది. దాన్ని విప్పి, గుండునూ స్ప్రింగునూ కడిగి, వెలుగులో తిప్పి తిప్పి చూశాను. మచ్చ లేదు. బిగించి పోయి చూస్తే మళ్ళీ అదే కథ.

మిగిలింది ఛాంబర్. దాన్ని దించడం అంత తేలిక కాదు. ఆ బండికి ఇంజను పైకి లేపితే తప్ప ఛాంబర్ కిందకు రాదు. దాని కార్కు ప్యాకింగు మన దగ్గర దొరకదు, మద్రాసు నుంచి కార్కు షీటు తెప్పించి చేత్తో కత్తిరించుకోవాలి. షీటు కోసం మనిషిని పంపి, ఈలోపు ఆయిల్ దించి చూద్దామనుకున్నాను.

ఆయిల్‌ను పలచటి గుడ్డలోంచి వడగట్టాను. బేరింగు లోహపు తళుకు ఎక్కడైనా ఉందా అని వేళ్ళతో రుద్ది చూశాను. లేదు. లోహం లేదు కానీ గుడ్డ మీద ఒక నూలు పోగు మిగిలింది. నల్లగా, చిటికెన వేలంత పొడుగు.

ఇంజనులో నూలు పోగేమిటి?

ఆ పోగును కాగితంలో మడిచి పెట్టుకుని, ఇంజను చుట్టూ మళ్ళీ తిరిగాను. ఆ బండికి ఆయిల్ పోసే గొట్టం పక్క నుంచి నేరుగా ఛాంబర్‌లోకి దిగుతుంది. వెడల్పయిన గొట్టం, రెండు వేళ్ళు సులువుగా పడతాయి. దాని మూత మర అడ్డంగా ఎక్కి ఉంది. ఎవరో తొందరలో తప్పుగా తిప్పారు. రోజూ తిప్పే చెయ్యి మూతను మర తప్పి బిగించదు. ఈ సంగతి నాకు తోచింది. తోచినా, భయంలో ఉన్న చెయ్యి అయితే ఎంత అలవాటున్నా తప్పుతుందిలే అని సర్దుకున్నాను. అనుమానం ఒకసారి ఒక మనిషిని ఎంచుకున్నాక, ప్రతి ఆధారాన్నీ ఆ మనిషి గుమ్మం దగ్గరికే తోలుకుపోతుంది.

సరిగ్గా అప్పుడే ఆ డ్రైవరు నా షెడ్డుకు వచ్చాడు. పెద్ద కారుకు బ్రేకు ఆయిల్ పోయించుకోవాలని వంక. పోసిన తర్వాత కూడా కదలలేదు. ఆకుపచ్చ బండి పక్కన నిలబడి, తల గోక్కున్నాడు.

"ఛాంబర్ దించుతావా మేస్త్రీ?"

"దించాల. ఏం?"

"దించకుండా కుదరదా?"

"ఎందుకు కుదరాల?"

"ఏం లేదు. ఊరికే అడిగినాను. పాత ఇంజను గదా, కదిలిస్తే ఇంకోటి చెడతాదేమోనని."

ఇంజను గురించి నాకు చెప్పడానికొచ్చాడు. నేను నవ్వు ముఖం పెట్టి, చేతులు తుడుచుకోవడానికి గుడ్డ ఏదైనా ఉందా అని అడిగాను. తన కారులోంచి ఒక పాత పంచె ముక్క తెచ్చి ఇచ్చాడు. ఆయన పోగానే దాని అంచు నుంచి ఒక పోగు లాగి, నా కాగితంలోని పోగు పక్కన పెట్టి, ఎండలోకి తీసుకుపోయి చూశాను. పంచె పోగు సన్నం, అరిగిపోయి ఉంది. ఛాంబర్ పోగు మొద్దు, కొత్త గుడ్డది లాగుంది. ఆయిల్లో నాని ఉబ్బిందేమో అనుకున్నాను. అంతసేపు ఎండలో కళ్ళు చికిలించి చూస్తే రెండూ ఒకటిగానే కనబడ్డాయి. సాయంత్రం చిన్నయ్య వస్తే, "లోపల గుడ్డ ఉన్నట్టుండాది. ఎవరో వేసిందే. ఛాంబర్ దించినప్పుడు నువ్వుండు" అన్నాను. డ్రైవరు వచ్చి అడిగిన సంగతి కూడా చెప్పాను.

అతని ముఖం గట్టిపడింది. "సరే. ఆయన్నీ ఈడికే రమ్మంటాను. ఆయన ముందరే దించు" అన్నాడు.

కార్కు షీటు వచ్చింది. ఇంజనుకు గొలుసు తగిలించి పైకి లేపి పెట్టుకున్నాను. చిన్నయ్య పొద్దున్నే బస్సులో వచ్చి, నా స్టూలు మీద కూర్చుని సిగరెట్టు మీద సిగరెట్టు కాలుస్తున్నాడు. కాసేపటికి పెద్ద కారు వచ్చి ఆగింది. డ్రైవరు దిగాడు. నేను అనుకోనిది, వెనక సీట్లోంచి అతని తల్లి కూడా దిగింది. నేతచీర, బోసి నుదురు, మెడలో సన్నటి గొలుసు. ఆమె నా షెడ్డు గడప తొక్కడం అదే మొదలు. షెడ్డంతా గ్రీజు, ఆమె చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ఒక వార నిలబడింది.

"నువ్వెందుకొచ్చినావమ్మా?" అన్నాడు కొడుకు.

"రాకూడదా?" అంది.

నేను బోల్టులు విప్పాను. ఛాంబర్ అంచు ఊడి, మిగిలిన ఆయిల్ ట్రేలోకి జారింది. దాన్ని పక్కకు దించి, బండి కింద పడుకుని పైకి చూశాను. పంపు జాలీకి, పెనం వదలని దోసెలా, ఒక నల్ల గుడ్డ అంచు చిక్కుకుని వేలాడుతూ ఉంది. లాగితే వచ్చేసింది. మూల ఏదో బరువుగా ఉంది.

నాలో ఉత్సాహం ఉప్పొంగింది. ఎన్నాళ్ళ నుంచో నన్ను ఎగతాళి చేసిన ముల్లు గుట్టు నా చేతిలో ఉంది. ఇంజను తిరిగినప్పుడల్లా ఆ గుడ్డ ఆయిల్లో ఈదుతూ ఉంటుంది. గట్టిగా నడిపితే పంపు పీల్పుకు పోయి జాలీకి అతుక్కుంటుంది, దారి మూసేస్తుంది. ఇంజను ఆపగానే పీల్పు పోతుంది, గుడ్డ జాలీని వదిలి కిందికి జారుతుంది. బీడీ కాల్చేంతలో ముల్లు లేవడానికి కారణం అదే. బయటకు వచ్చి అదంతా చెప్పాను. చెబుతూ డ్రైవరు వైపే చూశాను.

"ఇంకొన్నాళ్ళు ఇట్లే తిరిగుంటే బేరింగు కరిగిపోయేది" అన్నాను. "కరిగితే రాడ్డు విరిగి ఇంజనును చీల్చుకుని బయటికొస్తాది. వేగంలో ఉండగా ఇంజను పట్టేస్తే వెనక చక్రాలు తిరగవు. ఘాట్లో, మలుపులో చక్రాలు పట్టేస్తే ఏమైతాదో నేను చెప్పే పని లేదు."

చెప్పే పని లేదు నిజమే. ఆ కుటుంబానికి ఆ ఘాట్ గురించి ఎవరూ చెప్పనక్కరలేదు. 

చిన్నయ్య లేచి డ్రైవరు ముందుకు పోయాడు. చెయ్యి లేస్తుందేమో అనుకున్నాను. లేవలేదు. "నన్ను భుజం మీద ఎక్కించుకుని తిప్పినావే" అన్నాడు. "నన్ను చంపాలనుకున్నావా?"

డ్రైవరు నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. ఆయన గొంతు మామూలుగానే ఉంది.

"నేనే ఏసినాను చిన్నయ్యా" అన్నాడు. "బండి నిలిచిపోతే మళ్ళీ పెద్ద కారెక్కుతారని ఏసినాను. ఇంత అయితాదని తెలీదు."

ఆయన ఒప్పుకున్నాడు. అంత సులువుగా ఎవరూ ఒప్పుకోరు. నాకు దానిమీదే అనుమానం వచ్చింది. ఇన్నేళ్ళలో దొరికిన దొంగ ఎవడూ నా ముందు మొదటి మాటకే ఒప్పుకోలేదు. చేతిలో ఉన్న గుడ్డను కిరోసిన్ డబ్బాలో ముంచి పిండాను. మురికి ఆయిల్ దిగిపోయింది. మళ్ళీ ముంచాను. గుడ్డ మడతల లోపల రంగు కనబడింది. పసుపు రంగు.

మూలనున్న బరువు ఒక ముడి. గట్టిగా, ముడి మీద ముడి వేసి కట్టింది. గోటితో విప్పితే రూపాయి బిళ్ళ బయటపడింది.

అదేమిటో మా జిల్లాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పసుపులో ముంచిన కొత్త గుడ్డలో రూపాయి కట్టి, కొండమీది స్వామికి మొక్కుకుని, ఇంట్లో దేవుడి దగ్గర పెట్టుకుంటారు. అనుకున్నది జరిగాక కొండకెక్కి హుండీలో వేస్తారు. ముడుపు. మా ఇంట్లోనూ ఒకటి ఉండేది, నా అనుమానం రోగం కుదరాలని మా ఆవిడ కట్టింది.

 గుడ్డనూ రూపాయినీ బల్ల మీద పెట్టి పక్కకు జరిగాను.

చిన్నయ్య వాటిని చూశాడు. డ్రైవరు మెడలోని శిలువను చూశాడు. "నువ్వు వెంకటేశ్వరస్వామికి ముడుపు కట్టినావా?" అన్నాడు. వెటకారంగా అనాలనుకున్నాడు, మాట మధ్యలోనే గొంతు మారిపోయింది. నెమ్మదిగా తల్లి వైపు తిరిగాడు.

ఆమె కుచ్చిళ్ళు వదిలేసింది. చీర అంచు గ్రీజులో పడింది, ఆమె చూసుకోలేదు.

"నేనే" అంది.

 ఆమే చెప్పుకుపోయింది, మాకు కాదు, బల్ల మీది గుడ్డకు చెబుతున్నట్టు.

"నిమ్మకాయ కడితే తెంచి పారేస్తివి. బొట్టు పెడితే తుడిచేస్తివి, ఇది లారీ కాదు అంటివి. మీ నాయన పోయిన దారిలోనే దినామూ పోతా ఉంటివి. ఈ బండి నిలిచిపోవల్ల, నువ్వు దిగిపోవల్ల, కొండకొచ్చి ముడుపు చెల్లిస్తాను సామీ అని మొక్కుకున్నాను. ముడుపు ఈ బండిలోనే ఉండల్లనుకుంటిని, యాడ పెట్టినా నీ కంట పడతాది. ఇంజను లోపలికి పోయే దారి యాడుండాదని ఈయన్ని అడిగితే మూత చూపించినాడు. బొట్టు పెట్టేదానికనుకున్నాడు పాపం, ఛాంబర్ దించుతారని విన్నాకే ఆయనకు తట్టింది. నిలిచిపోతాదనే ఏసినాను." అక్కడ ఆగి నా వైపు చూసింది. "ఇట్లా నిలుస్తాదని నాకు తెలీదప్పా."

నేను ఇంతకుముందు డ్రైవరు కోసం అన్న మాటలన్నీ, రాడ్డూ చక్రాలూ మలుపూ, ఆమె అక్కడే నిలబడి విన్నది. ఆ మాటలు నా నోట్లోంచి వచ్చినందుకు నాకు దుఃఖం వచ్చింది.  

చిన్నయ్య ఆమె దగ్గరకు పోవాలి. పోలేదు. ఆ వయసులో సిగ్గుపడే పద్ధతి వేరుగా ఉంటుంది. డ్రైవరు మీదికే తిరిగాడు.

"నువ్వెందుకు ఒప్పుకున్నావు?" అన్నాడు. "చెయ్యని దానికి ఎందుకు ఒప్పుకున్నావు?"

"నేనంటే మీరు నమ్ముతారు గదా చిన్నయ్యా" అన్నాడు డ్రైవరు.

అందులో ఎత్తిపొడుపు లేదు. అడిగినదానికి జవాబు, అంతే. అమ్మ పేరు బయటికి రాకుండా ఉండాలంటే ఎవరో ఒకరి పేరు కావాలి. ఎవరి పేరు చెబితే ఇంకో ప్రశ్న లేకుండా సరిపోతుందో ఆయనకు తెలుసు. మేము ముందే తేల్చి పెట్టుకున్నదాన్నే ఆయన మా చేతికిచ్చాడు. 

డ్రైవరు జేబులోంచి పెద్ద కారు తాళాలు తీసి, బల్ల మీద, రూపాయి పక్కన పెట్టాడు. "అమ్మను ఎండ ఎక్కక ముందే ఇంటికి తీసకపోండి. పొద్దున మాత్ర ఏసుకోలేదు" అన్నాడు. నాకు తల ఊపి, రోడ్డు దాటి బస్సులు ఆగే చోటికి పోయాడు. ఆమె షెడ్డు బయటిదాకా వెంట పోయింది. "అన్నా" అని పిలిచింది. ఇంట్లో పనివాణ్ణి ఆమె అట్లా పిలవడం నేనెప్పుడూ వినలేదు, ఆయనా విని ఉండడు. ఆయన వెనక్కి తిరిగి చేతులు జోడించాడు. తిరిగి మాత్రం రాలేదు. బస్సు వచ్చింది, అది పోయాక అక్కడ ఆయన లేడు.

ఆమె వచ్చి పెద్ద కారు వెనక సీట్లో కూర్చుంది, అలవాటు ప్రకారం. ముందు సీటు ఖాళీగా ఉంది.

చిన్నయ్య తాళాలు తీసుకుని బయటికి పోయి, తలుపు తెరిచి, స్టీరింగు ముందు కూర్చున్నాడు. చాలాసేపు స్టార్టు చేయలేదు. బ్యాటరీ దిగిపోయిందేమో, లేకపోతే ఆ డ్రైవరే పోతూ పోతూ ఏదైనా తీగ పీకేశాడేమో అని నాకు ఇంకా ఒక పురుగు తొలుస్తూనే ఉంది. దగ్గరికి పోయాను. బండికేమీ కాలేదు. అతను ముందుకు చూస్తూ కూర్చుని ఉన్నాడు.

"ఇంటికి పోయి పిలచకరావల్లన్నా" అన్నాడు. "ఆయన ఇల్లు యాడ?"

నాకు తెలీదన్నాను. చర్చి ఏ ఊళ్ళోదో కూడా నాకు తెలీదు. ఆయన గుడ్డ పోగును ఎండలో పెట్టి చూశాను కానీ, ఏ ఊరప్పా మీది అని ఒక్కసారి కూడా అడగలేదు. పొద్దున్నే బస్సు దిగి వచ్చేవాడు, చీకటి పడ్డాక బస్సెక్కి పోయేవాడు, అంతవరకే ఎరుక.

చిన్నయ్య వెనక్కి తిరిగి తల్లిని అడిగాడు. ఆమె కాసేపు ఆలోచించింది. పెదవులు కదిలాయి, ఏదో ఊరి పేరు గుర్తుకొస్తుందేమో అని చూశాం. ఆమెకూ తెలీదు.